జీడీపీ లెక్క వచ్చిన సాయంత్రం ఏం చూడాలి, ఎలా చూడాలి

సాయంత్రం నాలుగు గంటలకు ఢిల్లీలో జీడీపీ, అంటే దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువ ఎంత పెరిగిందో చెప్పే ప్రెస్‌నోట్ విడుదలవుతుంది. పది నిమిషాలు తిరక్కుండానే మీ ఫోన్‌లో రెండు రకాల మెసేజ్‌లు దిగుతాయి. "ప్రపంచంలో అందరికంటే వేగంగా పెరుగుతున్నది మనమే" అని ఒకటి. "అన్నీ కాకిలెక్కలు, మా బజార్లో కొనేవాడే లేడు" అని ఇంకొకటి. రెండూ ఒకే అంకె మీద నడిచిన మాటలు. పంపినవాళ్లలో ఎంతమంది ఆ ప్రెస్‌నోట్ తెరిచి చూశారో మీరే ఊహించుకోండి.

నేను చాలా ఏళ్లు ఒక తెలుగు పత్రిక బిజినెస్ డెస్క్‌లో ఈ ప్రెస్‌నోట్లను తెలుగు చేసే పనిలోనే ఉన్నాను. తప్పులు కూడా చేశాను, ఒకటి కింద చెబుతాను. దేశం ఈ ఏడాది ఎలా నడిచింది, వచ్చే ఏడాది ఎలా ఉండొచ్చు అనేది తెలుసుకోవడానికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు. ఒక అరగంట, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, ఒక చిన్న నోట్‌బుక్ ఉంటే చాలు. నోట్‌బుక్ మాత్రం తప్పనిసరి. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

మొదటి పని: ఇది ఎన్నో అంచనానో చూడండి

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. లెక్క కట్టేది కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ కింద ఉండే జాతీయ గణాంక కార్యాలయం, అంటే ఎన్ఎస్ఓ. ఒక ఏడాదికి సంబంధించి అది ఒక అంకె చెప్పి ఊరుకోదు. ఏడాది ఇంకా ముగియకముందే జనవరి మొదటి వారంలో మొదటి ముందస్తు అంచనా, ఫిబ్రవరి ఆఖరున రెండో ముందస్తు అంచనా, ఏడాది ముగిశాక ఇన్నాళ్లూ మే నెలాఖరున తాత్కాలిక అంచనా వస్తూ వచ్చాయి. ఆ తర్వాత ఫిబ్రవరుల్లో సవరించిన అంచనాలు. వీటి మధ్యలో మూడు నెలలకోసారి త్రైమాసిక లెక్కలు.

ఇన్నిసార్లు ఎందుకంటే, జనవరి నాటికి లెక్క కట్టేవాళ్ల చేతిలో పూర్తి సమాచారం ఉండదు. ఏడెనిమిది నెలల అంకెలు పట్టుకుని మిగతాది ఒక పద్ధతి ప్రకారం అంచనా కడతారు. కంపెనీల పూర్తి ఖాతాలు, రాష్ట్రాల, పంచాయతీల ఖర్చుల లెక్కలు, పంటల తుది దిగుబడులు తాపీగా చేరతాయి. అవి చేరినకొద్దీ అంకె మారుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు. పెళ్లి ఖర్చు ముందు రోజు అనుకున్నది ఒకటి, షామియానా వాడికీ వంటవాళ్లకీ ఇచ్చేశాక తేలేది ఇంకొకటి.

ఎంత మారుతుందో తెలియాలంటే 2023-24 సంవత్సరాన్ని చూడండి. 2024 జనవరిలో ఎన్ఎస్ఓ చెప్పిన వృద్ధి 7.3 శాతం. ఫిబ్రవరిలో 7.6. మే నెలాఖరుకు 8.2. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సవరించి 9.2 అన్నారు. ఒకే ఏడాది, ఒకే దేశం, నాలుగు అంకెలు, మొదటిదానికీ చివరిదానికీ దాదాపు రెండు శాతం తేడా. 7.3 వచ్చిన రోజు దాని మీద గొడవపడ్డవాళ్లు, 9.2 వచ్చిన రోజు ఆ సంగతి మర్చిపోయి వేరే గొడవలో ఉన్నారు. కరోనా ఏడాది 2020-21దీ అదే కథ. మొదట మైనస్ 7.7 అన్నారు, చివరికి మైనస్ 5.8 దగ్గర ఆగింది.

కాబట్టి నోట్‌బుక్‌లో మొదట రాయాల్సింది అంకె కాదు. తేదీ, ఆ పక్కన "మొదటి ముందస్తు" అనో "తాత్కాలిక" అనో ఒక మాట. ఆ తర్వాతే అంకె. పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఇన్నాళ్లూ లెక్కకు ఆధార సంవత్సరం, అంటే ఏ ఏడాది ధరలతో కొలుస్తారో ఆ ఏడాది, 2011-12. 2026 ఫిబ్రవరి 27న వచ్చిన కొత్త శ్రేణితో అది 2022-23కి మారింది. ఆధార సంవత్సరం మారితే వెనకటి ఏళ్ల అంకెలు కూడా మారిపోతాయి. అందుకే పాత శ్రేణిలోని ఒక ఏడాది వృద్ధిని, కొత్త శ్రేణిలోని మరో ఏడాది వృద్ధితో పోల్చకండి. ఈ వ్యాసంలో నేను వాడుతున్నవన్నీ పాత శ్రేణి అంకెలు, అవి ప్రకటించిన రోజున ఉన్నవి ఉన్నట్టు. పద్ధతి మాత్రం ఏ శ్రేణికైనా ఒకటే.

రెండో పని: ఏ ధరల్లో కొలిచారో కనిపెట్టండి

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. నేనూ పడ్డాను.

మీ వీధి చివర మిర్చిబజ్జీల బండి ఉందనుకోండి. పోయినేడాది రోజుకు 200 ప్లేట్లు, ప్లేటు 20 రూపాయలు. అమ్మకం 4,000. ఈ ఏడాది 210 ప్లేట్లు, ప్లేటు 25. అమ్మకం 5,250. గల్లా పెట్టె ప్రకారం వ్యాపారం 31 శాతం పెరిగింది. మూకుడు ప్రకారం 5 శాతమే పెరిగింది, ఎందుకంటే వేగినవి పది ప్లేట్లే ఎక్కువ. గల్లా పెట్టె లెక్కను ప్రస్తుత ధరల్లో వృద్ధి అంటారు. మూకుడు లెక్క స్థిర ధరల్లో వృద్ధి. దీన్నే నిజ వృద్ధి అని కూడా అంటారు. దేశం గురించి పేపర్ల మొదటి పేజీల్లో వచ్చేది దాదాపు ఎప్పుడూ మూకుడు లెక్కే.

ఇప్పుడు దేశం అంకెలు పెట్టి చూద్దాం. 2025 మే 30న వచ్చిన తాత్కాలిక అంచనా ప్రకారం 2024-25లో స్థిర ధరల్లో జీడీపీ 187.97 లక్షల కోట్లు, వృద్ధి 6.5 శాతం. ప్రస్తుత ధరల్లో 330.68 లక్షల కోట్లు, వృద్ధి 9.8 శాతం. క్యాలిక్యులేటర్ తీయండి. 330.68ని 187.97తో భాగిస్తే 1.76 వస్తుంది. అంటే 2011-12లో వంద రూపాయలకు వచ్చిన సరుకులూ సేవలూ 2024-25లో 176 రూపాయలు అయ్యాయని ఈ లెక్క చెబుతోంది. అలాగే 1.098ని 1.065తో భాగించండి. 1.031. ఆ ఒక్క ఏడాదిలో ఆర్థిక వ్యవస్థ మొత్తం మీద ధరలు 3.1 శాతం పెరిగినట్టు. దీన్ని జీడీపీ డిఫ్లేటర్ అంటారు. భాగహారం బద్ధకమైతే 9.8లోంచి 6.5 తీసేసినా ఉజ్జాయింపుగా సరిపోతుంది.

ఈ తేడా ఎంతుందో చూడటం అలవాటు చేసుకోండి, చాలా విషయాలు బయటపడతాయి. 2025-26 రెండో త్రైమాసికంలో, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, నిజ వృద్ధి 8.2 శాతం అని ప్రకటించారు. ప్రస్తుత ధరల్లో వృద్ధి 8.7. తేడా అర శాతమే! ధరలు దాదాపు కదల్లేదన్నమాట. ఆ రోజుల్లో ధరలు నిజంగానే చల్లబడ్డాయి. 2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది, 2012 ఆధారంగా కడుతున్న ఆ శ్రేణిలో అదే అత్యల్పం. ధరల పెరుగుదల ఇంత తక్కువగా ఉన్నప్పుడు నిజ వృద్ధి ఘనంగా కనిపిస్తుంది. అదే సమయంలో వ్యాపారుల గల్లా పెట్టెలు మాత్రం ఆ స్థాయిలో నిండవు. "జీడీపీ 8 శాతం అంటున్నారు, మా షాపులో ఆ ఊపే లేదు" అన్న దుకాణదారు అబద్ధం చెప్పడం లేదు. ఆయన చూసేది గల్లా, వార్త చెప్పేది మూకుడు.

గల్లా లెక్కను తక్కువ చేయడానికీ లేదు. పన్నులు పడేది దాని మీదే. ప్రభుత్వ అప్పును, ద్రవ్యలోటును (ఆదాయాన్ని మించి పెట్టే ఖర్చును) జీడీపీలో శాతంగా చెప్పేటప్పుడు కింద పెట్టి భాగించేదీ దాన్నే. 2025-26 బడ్జెట్‌లో ప్రస్తుత ధరల్లో 10.1 శాతం వృద్ధి ఉంటుందని లెక్క వేసుకున్నారు. 2026 జనవరి మొదటి ముందస్తు అంచనాలో తేలింది 8 శాతం. అదే అంచనాలో నిజ వృద్ధి మాత్రం 7.4 శాతం, ఏడాది మొదట్లో అనుకున్నదానికంటే ఎక్కువ. మొదటి పేజీలో 7.4కి హారతి పట్టారు. ఆర్థిక శాఖలో మాత్రం ఆ 8 చూసి టెన్షన్ పడే ఉంటారని నా అనుమానం.

ఇక నా తప్పు. 2025 మార్చిలో తెలంగాణ బడ్జెట్‌తో పాటు వచ్చిన సామాజిక ఆర్థిక నివేదికలో రాష్ట్ర వృద్ధి 10.1 శాతం అని ఉంది. దేశం వృద్ధి 6.5 అని అప్పటికే నా బుర్రలో నాటుకుపోయి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి "దేశాన్ని వెనక్కినెట్టి దూసుకెళ్లిన రాష్ట్రం" అన్నట్టు హెడ్డింగ్ కొట్టాను. మర్నాడు పొద్దున్నే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి ఫోన్. "బాబూ, ఒకాయన ఎత్తు బూట్లతో కొలిచారు, ఇంకొకాయన ఎత్తు ఒట్టి కాళ్లతో కొలిచారు. ఇద్దరికీ బూట్లు తొడిగి చూడండి" అన్నారు. తెలంగాణ 10.1 ప్రస్తుత ధరల్లో. అదే ప్రస్తుత ధరల్లో అప్పటి దేశ వృద్ధి 9.9. అంత హెడ్డింగ్ పెట్టి చూపించిన తేడా 0.2 శాతం. మాస్టారికి సారీ చెప్పి సవరణ వేశాం, మూడో పేజీలో, కంటికి కనపడనంత చిన్నగా.

రాష్ట్రాల బడ్జెట్ ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది బూట్ల లెక్కే అని గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్ పెట్టుకున్న 15 శాతం వృద్ధి లక్ష్యం కూడా ప్రస్తుత ధరల్లోనే. రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ ఉన్నా ఇదే అలవాటు.

మూడో పని: దేనితో పోల్చి చెబుతున్నారో చూడండి

మన దగ్గర త్రైమాసిక వృద్ధి అంటే పోయినేడాది ఇదే మూడు నెలలతో పోలిక. ఆ పోయినేడాది ఎలా ఉందన్నదాన్ని బట్టి ఈ ఏడాది అంకె ఉబ్బుతుంది లేదా కుంగుతుంది. 2020 ఏప్రిల్-జూన్‌లో లాక్‌డౌన్ వల్ల జీడీపీ 23.9 శాతం పడిపోయిందని అప్పట్లో ప్రకటించారు. మరుసటి ఏడాది అదే త్రైమాసికంలో 20.1 శాతం పెరిగిందని వార్త. 24 పోయింది, 20 వచ్చింది, ఇంకో నాలుగు వస్తే పాత చోటికి చేరినట్టేగా అనిపిస్తుంది. వంద పెట్టి కట్టి చూడండి. వందలో 23.9 పోతే 76.1. దాని మీద 20.1 శాతం పెరిగితే 91.4. అంటే రెండేళ్ల కిందటి స్థాయికి ఇంకా దాదాపు తొమ్మిది తక్కువే. అంకె వింతగా పెద్దదిగానో చిన్నదిగానో కనిపించిన ప్రతిసారీ ఒక ఏడాది వెనక్కి వెళ్లి ఆ అంకె కూడా చూడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. అక్కడ త్రైమాసిక వృద్ధి చెప్పే పద్ధతే వేరు. ముందరి మూడు నెలలతో పోల్చి, అదే వేగం ఏడాదంతా సాగితే ఎంతవుతుందో ఆ అంకె చెబుతారు. 2020 ఏప్రిల్-జూన్‌లో అమెరికా సుమారు 31 శాతం పడిపోయిందన్న వార్త అలా పుట్టిందే. ఆ మూడు నెలల్లో అసలు తగ్గుదల తొమ్మిది శాతం దగ్గర. "అమెరికా 31, మనం 24, మనమే నయం" అని అప్పట్లో మా బంధువుల గ్రూపులో ఒక పెదనాన్న గారు పెట్టిన మెసేజ్‌కి ముప్ఫై దండాలు వచ్చాయి. సరిచేసే ధైర్యం నాకు లేకపోయింది.

నాలుగో పని: పట్టికల్లోకి దిగండి

ఇప్పుడు ప్రెస్‌నోట్ పీడీఎఫ్ తెరవండి. గణాంక మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లోనూ, ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీలోని ముఖ్యాంశాలను దాటేయండి, అవి ఎలాగూ వార్తల్లో వస్తాయి. ఆఖర్లో ఉండే పట్టికలకు వెళ్లండి.

అందులో రెండు దారుల్లో లెక్క ఉంటుంది. ఒకటి ఎక్కడ తయారైందన్నది: సాగు, గనులు, తయారీ, కరెంటు, నిర్మాణం, వ్యాపారం-హోటళ్లు-రవాణా, ఆర్థిక సేవలు-రియల్ ఎస్టేట్, ప్రభుత్వ సేవలు. వీటి మొత్తమే స్థూల విలువ జోడింపు, పొట్టిగా జీవీఏ. దానికి వస్తువుల, సేవల మీద పన్నులు కలిపి సబ్సిడీలు తీసేస్తే జీడీపీ. రెండో దారి ఎవరు ఖర్చు పెట్టారన్నది: ఇళ్లవాళ్లు, ప్రభుత్వం, పెట్టుబడి పెట్టేవాళ్లు, ఎగుమతుల్లోంచి దిగుమతులు పోగా మిగిలింది.

జీవీఏ వృద్ధినీ జీడీపీ వృద్ధినీ పక్కపక్కన రాయండి. మామూలుగా రెండూ దగ్గరగానే ఉంటాయి. 2024-25లో 6.4, 6.5. ఎడంగా ఉంటే ఆగి ఆలోచించాలి. 2023 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికానికి జీడీపీ 8.4 శాతం పెరిగిందని ప్రకటించారు, జీవీఏ మాత్రం 6.5 శాతమే. ఫ్యాక్టరీలో, పొలంలో, ఆఫీసులో జరిగిన పని పెరిగింది ఆరున్నర శాతం. మిగతాది పన్నులు పెరిగి సబ్సిడీలు, ముఖ్యంగా ఎరువులవి, తగ్గడం వల్ల వచ్చింది. ఎరువుల సబ్సిడీ బిల్లు తగ్గితే జీడీపీ అంకె పెరుగుతుందంటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, లెక్క తీరు అదే. ఆర్థిక వ్యవస్థ అసలు ఊపు తెలుసుకోవాలంటే నేను జీవీఏనే ఎక్కువ నమ్ముతాను.

తర్వాత రంగాలు. 2024-25 తాత్కాలిక లెక్కలో నిర్మాణం 9.4 శాతం, సాగు 4.6, తయారీ 4.5. ఈ మూడు అంకెలతోనే ఆ ఏడాది కథ సగం అర్థమవుతుంది. రోడ్లూ భవనాలూ పరుగెత్తాయి, వానలు బాగుండి పంటలు నిలబెట్టాయి, ఫ్యాక్టరీలు నీరసంగా నడిచాయి. సాగు అంకెను తేలిగ్గా తీసుకోకండి. దేశ ఆదాయంలో దాని వాటా 18 శాతం దగ్గరే ఉన్నా, 2023-24లో పనిచేసేవాళ్లలో 46 శాతం మంది అక్కడే ఉన్నారు. సాగు ఒక శాతం తగ్గితే జీడీపీ మీద పడే దెబ్బ చిన్నది, ఇళ్ల మీద పడే దెబ్బ పెద్దది.

ఖర్చుల వైపు రెండే చూడండి. ప్రైవేటు వినియోగం, అంటే మీరూ నేనూ పెట్టే ఖర్చు, జీడీపీలో సుమారు 61 శాతం. 2024-25లో ఇది 7.2 శాతం పెరిగింది. రెండోది పెట్టుబడి, అది 7.1. పెట్టుబడి అంటే రేపటి ఉద్యోగాలు కాబట్టి వరసగా నాలుగైదు త్రైమాసికాలు నోట్‌బుక్‌లో రాసి చూడండి, ఒక్కసారి చూసి తేల్చకండి.

ఇదే పట్టిక అడుగున "వ్యత్యాసాలు" అని ఒక వరస ఉంటుంది. రెండు దారుల్లో కట్టిన లెక్కలు సరిపోనప్పుడు ఆ తేడాను అక్కడ పడేస్తారు. చిట్టా రాసే గుమాస్తా మిగిలిన తేడాను "ఇతరములు" కింద రాసినట్టు. ఆ వరస పెద్దదిగా ఉన్న త్రైమాసికంలో ఖర్చుల వైపు అంకెలతో పెద్ద మాటలు మాట్లాడకపోవడం మంచిది. 2025 నవంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) మన జాతీయ ఖాతాల గణాంకాలకు సీ గ్రేడ్ ఇచ్చినప్పుడు ఎత్తిచూపిన లోపాల్లో ఇదీ ఒకటి. పాతబడ్డ ఆధార సంవత్సరం, ధరల ప్రభావం తీసేయడానికి టోకు ధరల సూచీ మీద ఆధారపడటం మిగతా ముఖ్యమైనవి. ఆ టోకు సూచీ గొడవ చిన్నదేమీ కాదు. 2023-24లో టోకు ధరలు సగటున 0.7 శాతం తగ్గాయి, బజార్లో మనం కొనే ధరలు మాత్రం ఐదు శాతం పైన పెరిగాయి. ఏ ధరతో తీసేస్తారన్నదాన్ని బట్టి నిజ వృద్ధి మారిపోతుంది.

ఐదో పని: పక్క వాకబు చేయండి

సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తరఫువాళ్లు చెప్పింది విని ఊరుకోం కదా. జీడీపీకీ అంతే. నెలనెలా వచ్చే అంకెలు నాలుగున్నాయి. నెల మొదట్లో జీఎస్టీ వసూళ్లు వస్తాయి, కానీ అవి గల్లా లెక్క, ధరలు పెరిగినా పెరుగుతాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 2.37 లక్షల కోట్ల రికార్డు మార్చి నెల వ్యాపారానిది, ఏడాది ముగింపు హడావుడి దాంట్లో ఉంటుంది, కాబట్టి ఏప్రిల్‌ను ఏప్రిల్‌తోనే పోల్చాలి. కంపెనీల్లో కొనుగోళ్లు చూసేవాళ్లను అడిగి కట్టే పర్చేజింగ్ మేనేజర్ల సూచీ 50 దాటితే పని పెరుగుతోందని, తగ్గితే కుంగుతోందని. పారిశ్రామికోత్పత్తి సూచీ ఇప్పుడు నెలాఖరుకు, 28వ తేదీన వస్తోంది. ద్రవ్యోల్బణం 12వ తేదీన. ఇవి కాక జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు: 2023లో ఎల్‌నినో వల్ల సగటులో 94 శాతమే పడ్డాయి, 2024లోనూ 2025లోనూ 108 శాతం. 2024-25లో సాగు ఎందుకు కోలుకుందో అక్కడే ఉంది.

మీకు మీ సొంత సూచీ కూడా ఉంటుంది. మా ఊళ్లో ట్రాక్టర్ షోరూమ్ ముందు నిలబెట్టిన బళ్ల సంఖ్య నాకు ఎప్పట్నుంచో ఒక గుర్తు. దాంతో దేశాన్ని అంచనా కట్టలేం గానీ, ప్రెస్‌నోట్‌ను ప్రశ్నించడానికి పనికొస్తుంది.

ఆరో పని: వచ్చే ఏడాది అంచనాను జాతకంలా చదవకండి

వృద్ధి అంచనాలు చెప్పేవాళ్లు చాలామంది. ప్రభుత్వం తరఫున బడ్జెట్‌కు ముందు పార్లమెంటులో పెట్టే ఆర్థిక సర్వే ఉంటుంది, దాన్ని రాసేది ముఖ్య ఆర్థిక సలహాదారు బృందం. రిజర్వ్ బ్యాంకు రెండు నెలలకోసారి వడ్డీ రేట్ల సమావేశం తర్వాత చెబుతుంది. ఐఎంఎఫ్ ఏప్రిల్‌లో, అక్టోబరులో పెద్ద నివేదికలు ఇచ్చి, జనవరి, జులైల్లో సవరిస్తుంది. ఇవి చాలు. ఇంకా రేటింగ్ ఏజెన్సీలు, బ్యాంకులు వారానికొకటి చెబుతుంటాయి. అన్నీ పట్టించుకుంటే పిచ్చెక్కుతుంది.

ఒకరినే పట్టుకుని, వాళ్లు ఎప్పుడెప్పుడు ఎంత చెప్పారో వరసగా రాయండి. రిజర్వ్ బ్యాంకునే తీసుకుందాం. 2024-25కి 2024 జూన్‌లో 7.2 శాతం అంది. ఆ నవంబరు ఆఖరున రెండో త్రైమాసికం వృద్ధి 5.4 శాతమే అని తేలింది, మార్కెట్లు ఉలిక్కిపడ్డాయి. డిసెంబరులో బ్యాంకు అంచనాను 6.6కి దించింది. మే నెలలో తేలింది 6.5. మరుసటి ఏడాది అచ్చంగా తిరగబడింది. 2025-26కి ఏప్రిల్‌లో 6.5 అన్నారు, అక్టోబరులో 6.8, డిసెంబరులో 7.3. ఆర్థిక సర్వే కూడా అదే ఏడాదికి 6.3 నుంచి 6.8 మధ్య అంది, ముందస్తు అంచనా పై గీత దాటి 7.4 దగ్గర నిలబడింది. ఒక ఏడాది ఎక్కువ చెప్పారు, ఒక ఏడాది తక్కువ చెప్పారు. 2026 జనవరి సర్వే 2026-27కి 6.8 నుంచి 7.2 అంటోంది. దాన్ని కూడా ఈ చరిత్రతో కలిపి చదవండి.

మరి అంచనాలు దండగా అంటే, కాదు. అంకె కంటే దాని పక్కన రాసే "ఒకవేళ"లు విలువైనవి. సర్వే మొదటి అధ్యాయం తెరిచి, రాబోయే ఏడాది గురించి రాసిన భాగం చదవండి. వానలు సరిగా పడితే, చమురు ధర అదుపులో ఉంటే, ప్రపంచ వాణిజ్యం కుదుటపడితే అని షరతులు ఉంటాయి. వాటిని నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసి, మూడు నెలలకోసారి టిక్కు పెట్టండి. 2025-26కి ఏ టిక్కులు పడ్డాయో చూడండి. ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేసిన బడ్జెట్, రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) ఫిబ్రవరిలో 6.5 నుంచి మొదలై డిసెంబరుకు 5.25కి దిగడం, మంచి వానలు, సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్ల తగ్గింపు. ఎదురు పడింది అమెరికా సుంకాలు, ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం.

ఆ సుంకం దేశం అంకెలో పెద్దగా కనిపించలేదు. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద మాత్రం కనిపించింది. మన రొయ్యలకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా, దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. చెరువులో పిల్ల వేసి, మేత అప్పు తెచ్చి, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) ధర కోసం ఎదురుచూసే రైతుకు దేశం 8.2 శాతం పెరిగిందన్న వార్త ఏ మూలకూ రాదు. దేశం అంచనా బాగున్నంత మాత్రాన మీ పనికి బాగుంటుందని అనుకోకండి. మీ ఆదాయం ఏ రంగం మీద ఆధారపడిందో ఆ రంగం గురించి సర్వేలో ఉన్న అధ్యాయాన్ని విడిగా చదవండి. అరవై డెబ్భై పేజీలున్నా సరే, పట్టికలు, బొమ్మలు చూసుకుంటూ పోతే గంటలో అయిపోతుంది.

డాలర్లలో ర్యాంకుల గురించి ఒక్క మాట. "జపాన్‌ను దాటేశాం" లాంటి వార్తల్లో జీడీపీని ప్రస్తుత ధరల్లో తీసుకుని డాలర్లలోకి మారుస్తారు. రూపాయి విలువ పడితే మన ఫ్యాక్టరీల్లో ఏమీ మారకపోయినా ఆ అంకె తగ్గుతుంది. ర్యాంకు చూసిన వెంటనే తలసరి కూడా కట్టేయండి. 330.68 లక్షల కోట్లను 140 కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి 2.36 లక్షలు. అదీ సగటు మాత్రమే, ఎవరి జేబులో ఎంతుందో అది చెప్పదు.

ఏడో పని: ఒక పేజీ రాసి పెట్టండి

నా నోట్‌బుక్‌లో 2025 మే 30 నాటి పేజీ ఇలా ఉంది.

"2024-25, తాత్కాలిక అంచనా, ఆధారం 2011-12. నిజ వృద్ధి 6.5, ప్రస్తుత ధరల్లో 9.8, ధరల తేడా 3.1. జీవీఏ 6.4, దగ్గరగానే ఉంది. సాగు 4.6, తయారీ 4.5, నిర్మాణం 9.4. ప్రైవేటు వినియోగం 7.2, పెట్టుబడి 7.1. పోయినేడాది 9.2, కాబట్టి మెట్టు ఎత్తుగా ఉంది. ఆఖరి త్రైమాసికంలో జీడీపీ 7.4, జీవీఏ 6.8, పన్నుల ప్రభావం చూడాలి. ఏడాది ముందు రిజర్వ్ బ్యాంకు చెప్పింది 7.2, సర్వే చెప్పింది 6.5 నుంచి 7. తయారీ ఎందుకు పడింది? పట్టణాల్లో కొనుగోళ్లా, ఎగుమతులా? ఆగస్టులో చూడాలి."

కుడివైపు "సవరించినది" అని రాసి గీత గీసిన గడి ఒకటి ఉంది. అది పెన్సిల్‌తోనే నింపుతాను, ఆ పక్కన ఏ శ్రేణి ప్రకారమో కూడా రాస్తాను.